బౌల్డర్‌లో పాత గోలైట్ సామాను అమ్మకానికి కనబడింది, కొనొచ్చా?

(బౌల్డర్, కొత్త విద్యార్థి)

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం ఈ ఆగస్టులోనే కొలరాడోలోని బౌల్డర్ వచ్చాను. ల్యాబ్‌లో అందరూ శని, ఆదివారాలు కొండల్లోనే ఉంటారు, నన్నూ రమ్మంటున్నారు. నా దగ్గర కాలేజీ బ్యాగు తప్ప ఏమీ లేదు. మా అపార్ట్‌మెంట్ దగ్గర్లో ఒకాయన పాత సామాను అమ్మేస్తున్నాడు: గోలైట్ అనే కంపెనీ బ్యాగు, దాని మీద జామ్ అని ఉంది. ఒక వెండి రంగు గొడుగు, ఒక టెంటు, ఒక రెయిన్ జాకెట్టు. అన్నీ కలిపి 90 డాలర్లంటున్నాడు. ఆరా తీస్తే ఆ కంపెనీ మూతబడి చాలా ఏళ్ళైందట. కొనమంటారా? కొత్తదే కొనుక్కోమని రూమ్మేటు గోల.

(లూయివిల్, పాత కాపు)

తమ్ముడూ, ఆ బ్యాగూ గొడుగూ ఇంకా అక్కడే ఉంటే ముందు వాటిని పట్టుకుని తర్వాత ఈ మెయిలు చదువు. టెంటు, జాకెట్టు సంగతి వేరు, అక్కడికి వస్తాను.

నువ్వు దిగిన ఊళ్ళోనే పుట్టిన కంపెనీ అది. 1998లో డిమిట్రీ కుపూనస్, కిమ్ కుపూనస్ అనే భార్యాభర్తలు బౌల్డర్‌లో మొదలుపెట్టారు. అప్పట్లో నాలుగు రాత్రులు అడవిలో గడపాలంటే లోపల కడ్డీలున్న పెద్ద బ్యాగు ఉండాల్సిందే. ఖాళీ బ్యాగే రెండు, మూడు కిలోలు. అంత బరువు మొయ్యాలి కాబట్టి మడమల పైదాకా తోలు బూట్లు. ఆ బూట్లు ఈడ్చుకుంటూ రోజుకి ఎక్కువ దూరం నడవలేరు కాబట్టి ఎక్కువ రోజుల తిండి. తిండి పెరిగింది కాబట్టి ఇంకా పెద్ద బ్యాగు! ఈ గానుగలోంచి బయటపడే దారి చూపించినవాడు రే జార్డిన్. ఏరోస్పేస్ ఇంజనీరుగా పనిచేసిన మనిషి. రాళ్ళెక్కేవాళ్ళు పగుళ్ళలో బిగించుకునే ఫ్రెండ్ అనే స్ప్రింగు పరికరం 1970లలో ఈయన కనిపెట్టిందే. భార్య జెన్నీతో కలిసి, ఇంట్లో కుట్టుకున్న సంచులు తగిలించుకుని, మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ నడిచాడు. బూట్లు కాదు, మామూలు పరుగు షూలు. గోలైట్ వాళ్ళు ఆయన డిజైన్లకి లైసెన్సు తీసుకునే దుకాణం తెరిచారు.

మొదట్లో వచ్చిన బ్యాగు పేరు బ్రీజ్. 14 ఔన్సులు, అంటే దాదాపు 400 గ్రాములు. కడ్డీల్లేవు, నడుం బెల్టు లేదు, పైన మూత లేదు. చేత్తో ఎత్తి చూస్తే దులిపేసిన బియ్యం సంచిలా ఉండేది. దీనికా ఇంత డబ్బు అని నేనూ అనుకున్నాను. అది భుజాన వేసుకుని దిగేవాళ్ళ మోకాళ్ళూ, పెద్ద బ్యాగులతో దిగేవాళ్ళ మోకాళ్ళూ పక్కపక్కన చూశాక అనుమానం పోయింది.

నువ్వు చూసిన జామ్ దానికి ఎదిగిన తమ్ముడు. ఎక్కువగా దొరికేది 50 లీటర్ల సైజు. నడుం బెల్టు ఉంటుంది, అయినా కిలో దాటదు. గుడ్డని వెలుతురులో పట్టుకుని దగ్గరగా చూడు, సన్నటి తెల్ల గళ్ళు కనిపిస్తాయి. అది డైనీమా అనే బాగా గట్టి దారం. ముల్లు గుచ్చుకుని చిరుగు పడితే ఆ గడి దగ్గర ఆగిపోతుంది, సంచి పొడుగునా సాగదు. అడుగున రెండు చిన్న కొక్కేలు ఉంటాయి. వాటిని తగిలిస్తే బ్యాగు కింది భాగం మడత పడి లోపలి చోటు బాగా తగ్గుతుంది. నీళ్ళు, టిఫిను, స్వెట్టరు పెట్టుకుని పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదానికీ అదే బ్యాగు, రెండు రాత్రుల క్యాంపింగుకీ అదే. విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్క కిటుకు మాత్రం తెలియాలి. కడ్డీల్లేని బ్యాగుకి వెన్నెముక మనమే పెట్టాలి. పడుకోవడానికి వాడే ఫోమ్ ప్యాడ్ ఉంటుంది కదా, దాన్ని మడిచి వీపు వైపు నిలబెట్టు, లేదా గుండ్రంగా చుట్టి లోపల వదిలి మధ్యలో సామాను నింపు. బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలి. అప్పుడు సంచి కర్రలా నిలబడుతుంది, బరువు నడుం మీదకి దిగుతుంది. ఇవేం చెయ్యకుండా గుడ్డలు కుక్కినట్టు కుక్కి, బ్యాగు బాగాలేదనేవాళ్ళని చాలామందిని చూశాను. మొత్తం బరువు పది, పన్నెండు కిలోలు దాటితే మాత్రం ఏ కిటుకూ పనిచెయ్యదు. భుజాలు కోసుకుపోతాయి.

గొడుగు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దాని పేరు క్రోమ్ డోమ్. మడిచే గొడుగు కాదు, నిడుపాటి కర్ర గొడుగు, సుమారు 230 గ్రాములు. ఫైబర్‌గ్లాస్ పుల్లలు, పైన వెండి పూత. జార్డిన్ ప్రచారం చేసిన అలవాట్లలో ఇదొకటి. కొండ మీద గొడుగేంటని ఇక్కడివాళ్ళు వింతగా చూస్తారు. మనకా, గొడుగేస్కుని పొలం గట్టు మీద నడిచే తాతల్ని చూసిన కళ్ళు! కర్రని భుజం పట్టీకి రెండు చోట్ల ఎలాస్టిక్ తాడుతో బిగిస్తే రెండు చేతులూ ఖాళీ. ఈ ఎత్తులో ఎండ వేడి తెలియకుండానే చర్మం కాల్చేస్తుంది, చెట్లు లేని దారిలో ఆ నీడ విలువ వేరు. ఇక్కడి కొండల్లో నెడర్లాండ్ అనే ఊరుంది, దాని పైన ఒక మధ్యాహ్నం శనగగింజలంత వడగళ్ళు పడ్డాయి. జాకెట్ల హుడ్లు బిగించుకుని తలలు వంచి నడుస్తున్న వాళ్ళ మధ్య నేను కళ్ళద్దాల మీద చుక్క పడకుండా, టపటపా చప్పుడు వింటూ, బఠానీలు నముల్తూ దిగాను. ఆ గొడుగు ఇంకా నా దగ్గరుంది. వెండి పూత అక్కడక్కడా లేచింది, అంతే.

గాలి బాగా వీస్తే మూసెయ్. ఉరుము వినబడితే గొడుగు కాదు, నువ్వే కిందకి దిగు.

ఇక కంపెనీ ఎలా పోయిందంటావా. జార్డిన్‌తో కొన్నేళ్ళకే విడిపోయారు. బట్టలు, బూట్లు అంటూ విస్తరించారు. తర్వాత మధ్యలో షాపులవాళ్ళు లేకుండా మనమే అమ్మితే ధర తగ్గించొచ్చని సొంత దుకాణాలు తెరిచారు. ధరలు నిజంగానే తగ్గాయి, మాలాంటి వాళ్ళం పండగ చేసుకున్నాం. 2014లో దివాలా తీసి మూసేశారు. అంత మంచి సరుకు అంత చవగ్గా ఇస్తూ ఊరూరా దుకాణాల అద్దెలు కట్టడం ఎవరి తరం? డిమిట్రీ తర్వాత మై ట్రైల్ కంపెనీ అని ఇంకోటి పెట్టాడు, అది కూడా నిలబడలేదు. కానీ ఈ రోజు నువ్వు ఏ షాపుకెళ్ళినా కిలో లోపు బ్యాగులు వరసగా వేలాడుతున్నాయంటే అందులో వీళ్ళ పాలు చాలా ఉంది.

ఇప్పుడు టెంటు, జాకెట్టు. వాటర్‌ప్రూఫ్ పూతలు రెండు రకాలు. పాలీయురెథేన్ పూతని తేమ మెల్లగా విరగ్గొడుతుంది. వాడకపోయినా, అల్మారాలో మడిచి పెట్టినా అంతే. ముందు జిగురు జిగురుగా అవుతుంది, తర్వాత పుల్లటి కంపు, ఆ తర్వాత పొట్టులా రాలిపోతుంది. పదేళ్ళు దాటిన రెయిన్ జాకెట్టుని నమ్మొద్దు. టెంటుకి లోపలి కుట్ల మీద టేపు అంటించి ఉంటే లోపల ఈ పూతే ఉన్నట్టు, ఎందుకంటే సిలికాన్ మీద ఆ టేపు అతకదు. టేపు లేకుండా, గుడ్డ చేతికి నున్నగా జారిపోతూ ఉంటే అది సిలికాన్ పూసిన నైలాన్. అది ఇన్నేళ్ళైనా బాగుంటుంది. కుట్ల మీద సిలికాన్ సీలర్ ఒకసారి రాస్తే చాలు. అదృష్టం బాగుండి అది షాంగ్రిలా 3 అనే మోడల్ అయితే మధ్యలో ఒక్క కర్రతో లేచే గోపురంలాంటి టెంటు, కింద నేల గుడ్డ ఉండదు. నైలాన్ నీళ్ళు పీల్చి సాగుతుంది కాబట్టి వాన రాత్రి ఒకసారి లేచి తాళ్ళు బిగించుకోవాలి. బద్ధకస్తులకి పనికిరాదు.

కాబట్టి వెళ్ళినప్పుడు లోపల తల పెట్టి వాసన చూడు. మొహమాటపడకు. బ్యాగు లోపలి గుడ్డని గోటితో రుద్దు. భుజం పట్టీలు సంచికి కలిసే చోట కుట్లు చూడు, బరువంతా అక్కడే. పక్క జేబుల ఎలాస్టిక్ వదులైపోతే పర్వాలేదు, కుట్టించుకోవచ్చు.

చివరగా అసలు విషయం. సామాను కొనకుండానే బరువు సగం తగ్గుతుంది. 23 కిలోల సూట్‌కేసు తూచడానికి ఇండియా నుంచి తెచ్చుకున్న కాటా ఉంటుంది కదా, దాన్ని బయటికి తియ్. ప్రతి వస్తువూ తూచి కాగితం మీద రాయి. తిండి, నీళ్ళు, గ్యాసు కాకుండా మిగతాదంతా 10 పౌండ్ల లోపు, అంటే నాలుగున్నర కిలోలు, ఉంటే ఇక్కడ అల్ట్రాలైట్ అంటారు. అంత పంతం నీకక్కర్లేదు. కానీ ఎందుకైనా మంచిదని పెట్టుకున్నవి ఎన్ని ఉన్నాయో ఆ కాగితమే చెబుతుంది.

(ఫోర్ట్ కాలిన్స్ నుంచి)

అన్నగారు గొడుగు దగ్గర మొదలుపెడితే ఆగరని తెలుసు. నేను ఒక్కదానికి అడ్డుపడతాను. తమ్ముడూ, ఎందుకైనా మంచిదని పెట్టుకునేవాటిలో మూడు మాత్రం ఎప్పుడూ తియ్యకు: రెయిన్ జాకెట్టు, ఒక వెచ్చటి పొర, హెడ్‌ల్యాంపు. సెప్టెంబరులో కింద టీషర్టు వాతావరణం, పైన మంచు పడొచ్చు. గొడుగు ఉంది కదా అని జాకెట్టు మానేస్తే గాలికి చేతులెత్తేస్తావు. ఖరీదైనది వద్దు, ఫ్రాగ్ టాగ్స్ అని చవక రెయిన్ సూటు దొరుకుతుంది, తేలిగ్గానే ఉంటుంది, ముళ్ళ పొదల్లోకి మాత్రం వెళ్ళకు. జీన్స్ వేసుకోకు, తడిస్తే ఆరదు.

ఇంకోటి. నువ్వు దిగి నెలైనా అయిందో లేదో. ఒళ్ళు ఇంకా ఎత్తుకి అలవాటు పడుతుంటుంది. తలనొప్పి, వికారం వస్తే శిఖరం చూడాలని పట్టుబట్టకుండా దిగిపో. ఫోర్టీనర్లు, అంటే 14,000 అడుగులు దాటినవి, వచ్చే వేసవికి పెట్టుకో.

టెంటు, స్లీపింగ్ బ్యాగు ఇప్పుడే కొనొద్దు. మీ యూనివర్సిటీ రెక్ సెంటర్‌లో అద్దెకిస్తారు. రెండు మూడుసార్లు వాడాక నీకు చలెక్కువా, నిద్రెక్కువా తెలుస్తుంది, అప్పుడు కొను. ఆర్‌ఈఐ అని ఇలాంటి సామాను అమ్మే షాపు ఉంది, అందులో 30 డాలర్లు కడితే జీవితకాల సభ్యత్వం. సభ్యులు వాపసిచ్చిన సామాను అక్కడే రీ/సప్లై పేరుతో చవగ్గా అమ్ముతారు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో రాత్రి ఉండాలంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చెట్లున్న ఎత్తు వరకూ బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా, తప్పనిసరి. అదే కిలో దాకా ఉంటుంది. కిలో కూడా లేని బ్యాగులో కిలో డబ్బా, అన్నగారు ఏమంటారో!

(బౌల్డర్, కొత్త విద్యార్థి)

అన్నా, అక్కా, చాలా థాంక్స్. వెళ్ళి చూశాను. టెంటు లోపల టేపు ఊడి వేలాడుతోంది, వాసన భరించలేకపోయాను. జాకెట్టు విదిలిస్తే తెల్ల పొట్టు రాలింది. బ్యాగు గుడ్డ మీద మీరు చెప్పిన గళ్ళున్నాయి, కుట్లు గట్టిగా ఉన్నాయి, ఛాతీ మీద పెట్టుకునే పట్టీ బకిల్ మాత్రం విరిగింది. బ్యాగూ గొడుగూ 50కి ఇచ్చాడు. ఇప్పుడు కారు లేకుండా మొదట ఎక్కడికి వెళ్ళొచ్చో చెప్పండి.

(లూయివిల్, పాత కాపు)

50కి రెండూనా! గొడుగు మీద వెండి పూత బాగుంటే నువ్వు దోచుకున్నట్టే.

అక్క చెప్పిన మూడూ నిజం, వాటిని తీసెయ్యమని నేననలేదు. డబ్బా మాట కూడా నిజమే. జామ్‌లో నిలువుగా పడుతుంది, పడుకునే ప్యాడ్ వీపు వైపు మడిచి దాని వెనక పెట్టుకో, లేకపోతే వెన్నులో గుచ్చుకుంటుంది.

కారు లేకపోతే ముందు చటాక్వా. ఊళ్ళోనే, ఫ్లాటైరన్స్ అనే రాతి కొండల కింద, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగిపోవచ్చు. బ్యాగులో నీళ్ళ సీసాలు నింపుకుని ఆరేడు కిలోలతో ఒకసారి ఎక్కి చూడు, పట్టీలు ఎక్కడ ఒరుసుకుంటాయో తేలిపోతుంది. అది కుదిరాక నెడర్లాండ్‌కి ఆర్‌టీడీ బస్సు, ఎన్‌బీ లైను, నీ స్టూడెంటు పాసు పనిచేస్తుంది. వేసవి వారాంతాల్లో అక్కడి నుంచి హెస్సీ ట్రైల్‌హెడ్‌కి కౌంటీ వాళ్ళ షటిల్ ఉచితం. సీజను ఎప్పటిదాకానో కౌంటీ సైటులో చూసుకుని బయల్దేరు. హెస్సీ నుంచి లాస్ట్ లేక్ పోయి రావడానికి నాలుగు మైళ్ళు. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకో, మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పట్టాలి. మబ్బులు ఒంటిగంటకి నల్లబడితే రెండింటికి పిడుగులు.

ఆ బకిల్ కోసం కొత్త పట్టీ కొనకు. పట్టీ వెడల్పు స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో చెప్పు. పాత బ్యాగుల నుంచి ఊడదీసినవి ఒక డబ్బా నిండా ఉన్నాయి, ఆదివారం బౌల్డర్ వచ్చినప్పుడు తెచ్చిస్తాను.