నాన్న వీల్‌చెయిర్‌లో ఉన్నారని డైనింగ్ హాల్‌కి రావద్దంటున్నారు, ఇలా అనొచ్చా?

మధురవాడ అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. అమ్మానాన్న మధురవాడ అవతల ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కొనుక్కుని ఉంటున్నారు. మొన్న వేసవిలో నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, వీల్‌చెయిర్ వాడుతున్నారు, మాట, మతి అంతా బాగానే ఉంది. హాస్పిటల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మేనేజ్‌మెంట్ వాళ్ళు హాల్‌కి తీసుకురావద్దు, భోజనం రూమ్‌కే పంపుతాం అంటున్నారు, మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందట, పైగా రూమ్‌కి పంపినందుకు నెలనెలా వేరే ఛార్జీ. హాల్ ముందు రెండు మెట్లు, ర్యాంప్ లేదు. గట్టిగా అడిగితే వెనక వంటింటి వైపు నుంచి తీసుకెళ్ళమన్నారు. అక్కడ గిన్నెలు తోమే చోట నేలంతా నీళ్ళు, తలుపు పక్కనే గ్యాస్ సిలిండర్లు, వాటి మధ్య చక్రాలు పట్టవు, నాన్న కాలు సిలిండర్‌కి రాసుకుని చర్మం లేచిపోయింది. పోర్టులో చేసి రిటైరైన మనిషి, పొద్దున్నే నలుగురితో కూర్చుని పేపర్ మీద వాదించుకుంటూ ఇడ్లీ తినడం ఆయనకి ప్రాణం. ఇప్పుడు డబ్బాలో చల్లారిపోయి వస్తే సగం వదిలేస్తున్నారు. ఇది చాలదన్నట్టు సొంతంగా ఉండగలరని డాక్టర్ సర్టిఫికెట్ తెండి, లేకపోతే సాయం కావాల్సినవాళ్ళుండే అసిస్టెడ్ బ్లాక్‌కి మారండి అంటున్నారు, అగ్రిమెంట్‌లో ఉందట. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కోర్టు పని:
అమ్మా, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకీ వర్తిస్తుంది. 3వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉందన్న కారణంతో వివక్ష చూపకూడదు, ర్యాంప్ లాంటి తగిన సర్దుబాటు చెయ్యాలి. మీకు అన్నిటికంటే పనికొచ్చేది 2017 రూల్స్‌లో 3వ రూల్: ఆ సర్దుబాటుకయ్యే ఖర్చు వికలాంగుడి దగ్గర కొంచెం కూడా బలవంతంగా వసూలు చెయ్యకూడదు. వాళ్ళ హాల్‌లోకి దారి లేక రూమ్‌కి పంపుతూ దానికి మీ దగ్గరే డబ్బు తీసుకోవడం ఏ రకంగా న్యాయం? ఆ ఛార్జీ రసీదులన్నీ దాచండి. అగ్రిమెంట్‌లో రాసుకున్నంత మాత్రాన చట్టం పక్కకి పోదు. 40 శాతం వైకల్యం ఉండాలనేది రిజర్వేషన్ల లాంటి వాటికి, వివక్ష మీద ఫిర్యాదుకి ఆ లెక్క అక్కర్లేదు.

భీమిలి రోడ్ ఆంటీ:
చదువుతుంటే కడుపు మండిపోయింది తల్లీ. మావారికి పార్కిన్సన్స్, ఆ చట్టంలో చెప్పిన 21 వైకల్యాల్లో అదీ ఉంది. మా దగ్గర కూడా మొదట్లో చేతులు వణికి కూర ఒలుకుతోందని ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారు, నేను అసోసియేషన్ మీటింగ్‌లో లేచి రేపు మీలో ఎవరికైనా ఇదే వస్తే ఎక్కడ తింటారు అని అడిగేశాను, ఆ తర్వాత వాళ్ళే టేబుల్ చివర ఒక కుర్చీ తీసేసి చోటిచ్చారు. ఒక్క మాట, ర్యాంప్ వేస్తామని చెక్క పలక ఒకటి వాల్చేస్తారు, ఒప్పుకోవద్దు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి, పక్కన పట్టుకోడానికి రైలింగ్ ఉండాలి, లేకపోతే కుర్చీ వెనక్కి తిరగబడిపోద్ది.

కేర్ స్టాఫ్:
నేను ఇలాంటి చోటే పనిచేస్తున్నానండి, మా వైపు కష్టం కూడా చెప్తాను. రాత్రి డ్యూటీలో మనుషులు తక్కువ, మంచం మీంచి దింపడానికి ఇద్దరు కావాల్సినవాళ్ళు పడిపోతే ఏటి చేస్తాం అని నిజంగానే భయం. కానీ ఆ భయానికీ డైనింగ్ హాల్‌కీ సంబంధమే లేదు. నాన్నగారికి దేనికి సాయం కావాలో, స్నానానికా, మంచం దిగడానికా, అది డాక్టరూ మీరూ మేనేజ్‌మెంటూ కూర్చుని చూసి రాసుకోవాలి, రాత్రికి ఒక అటెండెంట్ పెడితే సరిపోయేదానికి భార్యాభర్తల్ని ఇల్లు మార్పించడం ఎందుకు? కుర్చీని చూసి బ్లాక్ మార్చెయ్యడం తప్పండి.

మధురవాడ అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి. అమ్మ అయితే గొడవెందుకు, వాళ్ళ మధ్యే బతకాలి కదా అంటోంది. నాన్న మాత్రం ఫిర్యాదు లెటర్ ఇచ్చెయ్యమన్నారు. ఎవరికి ఇవ్వాలి? వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఇంకా లేదు.

కోర్టు పని:
ముందు ఆ సంస్థ హెడ్ పేరు మీద, తెలుగులోనే రాయండి, ర్యాంప్, ఛార్జీ, బ్లాక్ మార్పు మూడూ విడివిడిగా. చేతికిచ్చి కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి, కాలికి తగిలిన దెబ్బ ఫోటో, ఆ వెనక దారి ఫోటోలు జత చెయ్యండి. వాళ్ళు స్పందించకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి కూడా ఒక అర్జీ ఇవ్వండి. సదరానికి వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి, అది వచ్చేదాకా లెటర్ ఆపకండి, హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ కాపీ పెట్టండి చాలు. అమ్మగారికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఫ్రీ.