ఉబుంటు అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయింది: బూట్ పార్టిషన్‌లో చోటు ఎలా చేయాలి?

నమస్కారం. నా ల్యాప్‌టాప్‌ను ఉబుంటు (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుంచి 24.04కు మారుస్తుండగా, ప్యాకేజీలన్నీ డౌన్‌లోడ్ అయి ఇన్‌స్టాల్ అవుతున్న సమయంలో కరెంటు పోయింది. బ్యాటరీ పాతది కావడంతో అయిదు నిమిషాలైనా నిలవలేదు.

ఇప్పుడు ఆన్ చేస్తే కొత్త 6.8 కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) రూట్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే సిస్టమ్ ఫైళ్లున్న ప్రధాన భాగాన్ని, తెరవలేక కెర్నల్ ప్యానిక్ సందేశంతో ఆగిపోతోంది. ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత 5.15 కెర్నల్‌ను ఎంచుకుంటే, డెస్క్‌టాప్ రాకపోయినా నల్లటి తెరపై లాగిన్ అడిగేవరకూ వస్తోంది. అక్కడ, మిగిలిపోయిన ప్యాకేజీలను కన్ఫిగర్ చేయమని డీపీకేజీకి (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) కమాండ్ ఇస్తే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే చిన్న ఫైల్ సిస్టమ్) తయారయ్యే దశలో డిస్కులో చోటు లేదంటోంది. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసినందువల్ల విడిగా ఉన్న బూట్ పార్టిషన్ (కెర్నళ్లు ఉండే డిస్కు భాగం) 100 శాతం నిండిపోయింది. అందులో రెండు 5.15 కెర్నళ్లు, సగంలో ఆగిన 6.8 ఉన్నాయి. రెండు 5.15లలో పాతదాన్ని ఆప్ట్‌తో (ప్యాకేజీలను చేర్చే, తీసేసే కమాండ్) తీసేయబోతే, ముందు డిపెండెన్సీలు (ప్యాకేజీలు ఒకదానిపై ఒకటి ఆధారపడే లంకెలు) సరిచేయమంటోంది.

లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకున్నాను కనుక వాటి గురించి బెంగ లేదు. అయినా మూడేళ్లుగా అమర్చుకున్న తెలుగు కీబోర్డు, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ మొదటినుంచి చేసుకోవడం నాకు చాలా కష్టం.

ప్రస్తుతం బూట్ అవుతున్న 5.15ను ముట్టుకోకుండా, రెండో 5.15కు చెందిన ఇనిట్‌ఆర్‌డీ ఫైలును (దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉండే ఫైలు) మాత్రం హోమ్ ఫోల్డర్‌లోకి తరలించి, డీపీకేజీని మళ్లీ నడపడం సురక్షితమేనా? ఆ తర్వాత గ్రబ్‌ను కూడా నేనే అప్‌డేట్ చేయాలా? ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు కమాండ్ల వరుస చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.