మా ఆవిడకి సొరియాటిక్ ఆర్థరైటిస్ (సొరియాసిస్‌తో వచ్చే కీళ్ళవాతం)... నేనేం చేసినా తప్పవుతోంది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

హనుమకొండ_వాసి:

అందరికీ నమస్తే. మా ఆవిడకి 38, టీచర్. తల్లో, మోచేతుల మీద సొరియాసిస్, అదే చర్మం పొలుసులుగా లేచే జబ్బు, 9 ఏళ్ళుగా ఉంది, మొదట్లో చుండ్రు అనుకుని షాంపూలు మార్చుకుంటూ పోయాం. పోయినేడాది మడమలు నొప్పి అంది, రోజంతా నిలబడి పాఠాలు చెప్తావు కదా అందుకేలే అన్నా, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. తర్వాత ఎడమ కాలి రెండో వేలు మొదలు నుంచి చివరిదాకా ఉబ్బిపోయి చుట్ల మెట్టె చర్మంలోకి దిగిపోయింది, సబ్బు రాసినా నూనె రాసినా రాలేదు. చివరికి కంసాలి దగ్గరికి తీసుకెళ్తే కత్తిరించి తీశాడు. నొప్పికి ఏడవని మనిషి ఆ వెండి ముక్కలు చేతిలో పెట్టగానే ఏడ్చేసింది. ఇంటికొస్తే మా అమ్మ అపశకునం అని మొదలెట్టింది.

ముందు చూపించుకున్న చోట యూరిక్ యాసిడ్ అన్నారు, కీళ్ళవాతానికి చేసే రక్తపరీక్ష ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చింది కాబట్టి కీళ్ళవాతం కాదన్నారు, నొప్పి బిళ్ళలతో 8 నెలలు గడిచిపోయాయి. స్కిన్ డాక్టర్ గారు గోళ్ళ మీద సూదితో పొడిచినట్టున్న గుంటలు చూసి, పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుపోతావమ్మా అని అడిగి, హైదరాబాద్‌లో రుమటాలజిస్ట్ (కీళ్ళవాతాలు చూసే డాక్టర్) దగ్గరికి పంపారు. మెథోట్రెక్సేట్ అని ఈ జబ్బుని అదుపు చేసే మందు మొదలెట్టి 5 వారాలైంది.

నా బాధ వేరే. నాకు చేతనైనంత చేస్తున్నా, వంట నేర్చుకున్నా, బట్టలు నేనే, పాప జడ కూడా నేనే వేస్తున్నా. మొన్న పొద్దున జడ వేస్తుంటే దువ్వెన నా చేతిలోంచి లాక్కుని "నన్ను మూలన కూర్చోబెట్టేశారు కదా అందరూ కలిసి" అని గదిలోకి వెళ్ళిపోయింది. చేస్తే కోపం, చేయకపోతే నొప్పి. ఎలా ఉండాలి నేను?

మడమనొప్పి_అక్క:

తమ్ముడూ నాకు ఇదే జబ్బు, 6 ఏళ్ళు. ఆవిడ కోపం నీ మీద కాదు, అది నాకు బాగా తెలుసు. ఈ జబ్బులో నొప్పి ఒకెత్తు, నీరసం ఒకెత్తు. పది గంటలు పడుకుని లేచినా పొలంలో రోజంతా నాట్లు వేసొచ్చినట్టు ఉంటుంది, బయటికి ఏమీ కనపడదు కాబట్టి బద్ధకం అనుకుంటారు. పైగా రోజుకోలా ఉంటుంది, నిన్న కుక్కర్ మూత తీసిన చేతితో ఇవాళ చెవికమ్మ శీల తిప్పలేం. అందుకే "ఇది నీ వల్ల కాదులే" అని నువ్వే తీర్మానించేస్తే గుండెల్లో గుచ్చుకుంటుంది.

మా ఆయన మొదట్లో గంటకోసారి ఎలా ఉంది ఎలా ఉంది అని అడిగేవాడు, జవాబు చెప్పడమే ఒక పని అయిపోయేది. ఇప్పుడు మా ఇద్దరికీ ఒక లెక్క ఉంది. పొద్దున టీ కప్పులో పొయ్యమంటే వేళ్ళు బానే ఉన్నట్టు, పెద్ద గ్లాసులో పొయ్యమంటే రెండు చేతుల్తో పట్టుకోవాలి, అంటే ఆ రోజు బాలేనట్టు. అంతే, ఇంకేం అడగడు. గ్లాసు రోజున తనే లేచి గీజర్ వేస్తాడు, వేణ్ణీళ్ళు పడితే నాకు కీళ్ళు కాస్త వదులవుతాయి.

జడ మాత్రం ఆవిడకి వదిలెయ్. బరువులు, మూతలు, పిండి పిసకడం నువ్వు తీసుకో. ఇంకోటి, 5 వారాలకే మందు పనిచేయట్లేదని కంగారు పడొద్దు, మెథోట్రెక్సేట్ పట్టు దొరకడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

గోదారి_గట్టు:

మా ఆయనకి ఉందండి. మీరు మందుల గురించి అడగలేదు గానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పూత, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మేం క్యాలెండర్లో ఆదివారాలకి ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, వేసుకున్నాక టిక్కు పెడతాం. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజే. లివర్ టెస్టు, సీబీసీ (రక్తకణాల లెక్క) తప్పించుకోవద్దు. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే మాత్రం ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, గర్భంతో ఉన్నప్పుడు ఆ మందు అస్సలు కూడదు.

మావారికి దానితో తగ్గక అడాలిముమాబ్ ఇంజెక్షన్‌కి వెళ్ళాం, రెండు వారాలకోసారి. మొదలెట్టే ముందు టీబీ టెస్టు, ఛాతీ ఎక్స్‌రే తీయించారు, దాక్కున్న టీబీ ఈ ఇంజెక్షన్లకి బయటపడుతుందట. మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు, అంటే అసలు మందుకి దాదాపు సమానంగా చేసినవి, ఉన్నాయి కాబట్టి కొంత నయం, అయినా ఖర్చే. ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్లో కాదు. అరగంట ముందు బయట పెట్టి పొట్ట మీద నేనే వేస్తాను, మొదటిసారి నా చేతులే వణికాయి, ఆయనే నాకు ధైర్యం చెప్పారు. కన్ను ఎర్రబడి నొప్పి వచ్చి వెలుతురు చూడలేకపోతే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, దీనికీ కంటికీ సంబంధం ఉంది.

పల్లె_బిడ్డ:

అన్నా మా పక్కూర్లో వాతానికి పొడి ఇస్తరు, మూడు రోజుల్లో లేచి తిరుగుతరు. వంకాయ, గోంగూర బంద్ చెయ్యాలె. ఒకసారి చూడున్రి.

మడమనొప్పి_అక్క:

బాబూ నీ మంచి మనసుకి దండం, కానీ ఆ మూడు రోజుల పొడి నేనూ తిన్నా. ఇలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపేవాళ్ళు ఉంటారు, అందుకే అంత తొందరగా లేచి తిరుగుతాం. ఆపగానే సొరియాసిస్ ఒళ్ళంతా మంటలా లేచింది, నెల రోజులు మంచం దిగలేదు. గోంగూర మానినంత మాత్రాన తగ్గే జబ్బు కాదిది, బరువు తగ్గితే మాత్రం కీళ్ళకి నిజంగా తేడా తెలుస్తుంది.

హనుమకొండ_వాసి:

అక్కా, గోదారి గట్టు గారూ, మీరు రాసినవన్నీ తనకి చదివి వినిపించా. గ్లాసు కప్పు సంగతి విని చాలా రోజుల తర్వాత నవ్వింది. నీకేం కావాలో నువ్వే చెప్పు, చెప్పింది మాత్రమే చేస్తా అన్నా. బీరువా తలుపు, స్కూటీ సెంటర్ స్టాండ్, ఇడ్లీ పిండి నావి. బోర్డు మీద రాయడం కష్టంగా ఉందని హెచ్ఎం మేడమ్‌కి తనే చెప్పుకుంటానంది, ఆ మాట నేను చెప్పకూడదట.

జడ సంగతి కూడా తనే తేల్చింది. పొద్దున వేళ్ళు వంగవు గానీ సాయంత్రానికి వదులవుతాయి కదా, అందుకని రాత్రి అన్నం తిన్నాక పాపని ముందు కూర్చోబెట్టుకుని గట్టిగా రెండు జడలు వేస్తోంది, పొద్దున నేను రిబ్బన్లు మాత్రం కడుతున్నా. మా అమ్మతో నిన్న నేనే మాట్లాడా, ఇది అంటుకునేది కాదు, శకునం కాదు, ఒంట్లో రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద తిరగబడటం అని చెప్పా. ఏమీ అనలేదు. ఇవాళ పొద్దున చూస్తే వేణ్ణీళ్ళ బకెట్ అప్పటికే బాత్రూంలో పెట్టి ఉంది.