పగడపు దీవుల కాడ లంగరు: 30 మీటర్ల గొలుసు సరిపోతదా?

హాలియా_తెరచాప:
అన్నలకు నమస్తే. జనవరిల నలుగురం అండమాన్ దీవుల్ల పది రోజులు తెరచాప పడవ మీద తిరగాలనుకుంటున్నం. పడవ 38 అడుగులది. 20 కిలోల నాగలి లంగరు, 10 మి.మీ. గొలుసు 30 మీటర్లు, దానికి 16 మి.మీ. నైలాన్ మోకు 40 మీటర్లు ఉన్నయి. లంగరేసే చోట్ల నీళ్లు బాగా తగ్గినప్పుడు 6 మీటర్ల లోతు. అడుగున ఇసుక, నడుమ నడుమ పగడపు దిబ్బలు. లోతుకు ఐదింతలు వదలాలంటరు గద. ఆరు ఐదుల ముప్ఫై, మా గొలుసు సరిగ్గ అంతే ఉన్నది. ఈ లెక్క సరైందేనా?

కృష్ణ_ఒడ్డు:
తమ్మీ, లెక్క నీళ్ల మీదికెల్లి కాదు, పడవ ముక్కు మీద గొలుసు జారే రోలర్ కాడికెల్లి మొదలువెట్టాలె. లోతు 6, రోలర్ ఎత్తు 1.2, పోటుకు పెరిగే నీళ్లు 2 మీటర్లు. మొత్తం 9.2. దానికి ఐదింతలంటే 46 మీటర్లు, గాలి పెరిగితే ఏడింతలు, 64. సాయంత్రం ఆటు మీద 30 మీటర్లు వదిలి పండుకుంటే, నడిరాత్రి పోటుకు అది మూడింతలకు కొద్దిగ ఎక్కువ, అంతే. ఇంకో సంగతి, లోతు చూపే మీటరు ఎక్కడికెల్లి కొలుస్తుందో చూసుకో. చాన పడవల్ల దాని కన్ను నీటిమట్టానికి అర మీటరు కింద ఉంటది, ఆ అర మీటరు కూడ కలుపాలె.

ఇన్ని ఇంతలు ఎందుకంటే, నాగలికి కాడి మరీ ఎత్తున కట్టి చూడు, కర్రు నేలల దిగదు, పైపైన గీసుకుంట పోతది. లంగరుకూ అదే ధర్మం. లాగుడు నేలబారుగ రావాలె. గొలుసు చాలకపోతే లాగుడు పైకి వస్తది, లంగరు ముక్కు లేస్తది, పడవ జారుతది.

ఏసే పద్ధతి: గాలికి ఎదురుగ పొయ్యి పడవను పూర్తిగ ఆపు. అది వెనక్కు కదలుడు షురూ అయినంక లంగరు దించు. అడుగు తగిలినంక పడవ ఎంత జరిగితే గొలుసు అంతే వదులు, ఒక్కకాడ కుప్ప పొయ్యద్దు, కుప్పవోస్తే గొలుసు లంగరుకే చుట్టుకుంటది. మూడింతలు పోయినంక మెల్లగ పట్టనియ్యి, తర్వాత మిగిలింది వదులు. రెండు నిమిషాలు ఆగి ఇంజన్ రివర్స్ వెయ్యి, ముందు 1000 ఆర్‌పీఎం, మెల్లమెల్లగ 1800 దాకా, ఒక నిమిషం. అప్పుడు గొలుసు మీద చెయ్యి పెట్టు. బిగుసుకొని కదలకుంట ఉంటే పట్టినట్టు. గడగడమని వణుకు చేతికొస్తే లంగరు దుంకుకుంట జారుతున్నట్టు. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనుక ఒక రాయి గీత కలిపి చూసుకో, ఆ గీత చెదిరితే మళ్ల మొదలు.

గొలుసు బరువంత విండ్లాస్ (గొలుసు గుంజే మర) మీద ఉంచద్దు. 12 మి.మీ. మూడు పురుల నైలాన్ తాడు 8 మీటర్లు, ఒక కొస గొలుసుకు, ఇంకో కొస ముందున్న క్లీట్‌కు (తాడు కట్టే కొమ్ముకు) కట్టి, ఆ గుంజుడు తాడు మీదికి మార్చు. నైలాన్ సాగుతది కాబట్టి దెబ్బ మింగుతది.

సోమశిల_పుట్టి:
పై అన్న చెప్పింది నిజమే, కానీ మీ సెట్టుల అసలు గండం ఆ 40 మీటర్ల మోకు. 46 మీటర్లు వదిలితే 16 మీటర్లు నైలాన్ పోతది. గాలి పడిపోయిన రాత్రి అది కిందికి దిగి పగడానికి ఒరుసుకుంటది. పగడం రంపం లెక్క, తెల్లారేసరికి పురి తెగుతది. అసొంటి చోట్ల మొత్తం గొలుసే ఉండాలె, 60 మీటర్లు. 10 మి.మీ. అయితే మీటరుకు దగ్గరదగ్గర 2.3 కిలోలు, 60 మీటర్లకు 138 కిలోలు, పడవ ముక్కు కుంగుతది. 8 మి.మీ. హై టెన్సైల్ (ఎక్కువ గట్టి ఉక్కు) గొలుసు మీటరుకు 1.4 కిలోలు, మొత్తం 84 కిలోలు. అదే నయం. కాకపోతే విండ్లాస్ పళ్ల చక్రం 8 మి.మీ.ది మార్చాలె, లేకుంటే గొలుసు దాటుకుంట జారిపోతది.

చోటు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 2 లోపల ఎంచుకోండి, ఎండ మీ వెనుక ఉండాలె. పోలరాయిడ్ అద్దాలు పెట్టుకుంటే లేత పచ్చ నీలం ఇసుక, గోధుమ రంగు పగడం అని తెలుస్తది. సముద్రపు గడ్డి కూడ నల్లగనే కనవడ్తది, దాంట్ల నాగలి లంగరు సరిగ్గ దిగదు. లంగరు పడ్డంక ఒక్కలు నీళ్లల్ల చూసే అద్దం (మాస్క్) పెట్టుకొని దిగి చూసిరావాలె.

దిబ్బలు దగ్గరదగ్గర ఉంటే గొలుసును తేలాడదియ్యాలె. ఇసుకల లంగరు, లోతుకు ఒకటిన్నర ఇంతల గొలుసు అడుగున పడుకోనిచ్చి, ఆ తర్వాత ప్రతి 8 మీటర్లకు ఒక బుంగ (నీళ్ల మీద తేలే గాలి డబ్బ) కట్టండి. నీళ్లల్ల 8 మి.మీ. గొలుసు మీటరుకు 1.2 కిలోలు తూగుతది, 8 మీటర్లకు పది కిలోలు, కాబట్టి 15 లీటర్ల బుంగ చాలు. ఇట్ల చెయ్యకపోతే రాత్రి గాలి తిరిగి పడవ గుండ్రంగ తిరిగినప్పుడు గొలుసు దిబ్బకు చుట్టుకుంటది. 46 మీటర్ల గొలుసు పది మీటర్లదైతది, అల వచ్చినప్పుడల్ల రోలర్ వంగేటంత గుంజుడు. అట్ల చుట్టుకుంటే విండ్లాస్‌తోని లాగద్దు. తెల్లారినంక ఒక్కలు నీళ్లల్ల దిగి ఎటు చుట్టుకుందో చెప్పాలె, పడవను దానికి ఉల్టా తిప్పాలె.

హాలియా_తెరచాప:
చాన మంచిగ చెప్పిన్రు అన్నా. బుంగలు లిస్టుల రాసుకున్న. పోకముందు మన నాగార్జునసాగర్ నీళ్లల్ల సాధన చేస్తే పనికొస్తదా?

కృష్ణ_ఒడ్డు:
లాంచీలు తిరిగే దారి, డ్యాం దిక్కు వదిలి, అనుమతి తీసుకొని చెయ్యి. ఐదు మీటర్లకొక రంగు పూసి ఎంత గొలుసు పోయిందో చెప్పుడు, రివర్స్ పెట్టుడు, గీత కలిపి చూసుడు, ఇవి మూడూ ఇక్కడ నేర్వొచ్చు. కానీ ఒండ్రుల నాగలి లంగరు సులువుగ దిగుతది, పగడం మీద పలుచటి ఇసుకల అట్ల దిగదు. రాయి ఉన్న దిక్కు లంగరు తలకాయకు 8 మి.మీ. తాడు కట్టి పైన బుంగ వదులు, ఇరుక్కుంటే వెనుక నుంచి గుంజొచ్చు.

అండమాన్‌ల జనవరి గాలి ఈశాన్యం నుంచి వస్తది, దీవికి నైరుతి దిక్కు ఆసరా వెతుక్కో. నార్త్ సెంటినెల్ (బయటోళ్లను రానియ్యని ఆదివాసుల దీవి) చుట్టు 5 నాటికల్ మైళ్ల లోపలికి పోవద్దు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ల ఉన్నయి. ఇసుక కనవడకపోతే ఇంకో దీవికి పో, పగడం మీద మాత్రం లంగరు వెయ్యకు.