2009 లాక్రాస్ ఫైనల్: కార్నెల్ పోగొట్టుకుందా, సిరక్యూస్ లాక్కుందా?

ఇథాకా_శీను:
2025 మేలో అమెరికా కాలేజీల లాక్రాస్ ఫైనల్లో మా కార్నెల్ యూనివర్సిటీ 13–10తో మేరీల్యాండ్‌ని ఓడించి కప్పు కొట్టినప్పటి నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఇకనైనా ఆ 2009 గోల వదిలెయ్" అని. 1977 తర్వాత మళ్ళీ ఇదే మొదటి టైటిల్, అదీ అప్పుడు ఓడిన ఫాక్స్‌బరో స్టేడియంలోనే. సంతోషమే, కాదనను. కానీ వదల్లేను. చూడనివాళ్ళకి చెప్తున్నా: నాలుగో క్వార్టర్‌లో మేం 9–6. సిరక్యూస్ రెండు వేసి 9–8 చేసింది. అర నిమిషం కూడా లేదు, బంతి మావాళ్ళ దగ్గరే ఉంది, పారేసుకున్నారు. నాలుగు సెకన్లు ఉండగా వాళ్ళ కెన్నీ నిమ్స్ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో కోడీ జేమీసన్ గోల్‌తో 10–9. సిరక్యూస్ గెలిచిందనకండి. మేమే విస్తరేసి వడ్డించాం.

నారింజ_నాయుడు:
వచ్చాడండీ మళ్ళీ. శీనూ, బంతి దానంతట అది జారి పడిందా? వెంటపడి, కర్రలతో కొట్టి, మీవాళ్ళని ఊపిరి తీసుకోనివ్వకపోతే పడింది. దాన్నే రైడ్ అంటారు. మా మ్యాట్ అబాట్ మీద మనిషి పడుతున్నా బంతిని గోల్ ముందుకి విసిరాడు, నిమ్స్ గాల్లోనే అందుకుని లోపల వేశాడు. ఇది వడ్డనా? నేను అప్పుడు సిరక్యూస్‌లో ఎమ్మెస్ చేస్తున్నా, తొమ్మిది మందిమి ఒక్క సోఫా మీద, నాలుగు సెకన్లు అని తెరమీద కనపడేసరికి ఎవడి చెయ్యి ఎవడి మెడ మీద ఉందో తెలీదు.

పప్పుచారు:
క్రికెట్ అనుకుని వచ్చా. లాక్రాస్ అంటే ఆ వల కట్టిన కర్రలతో ఆడేదేనా?

ఇథాకా_శీను:
@పప్పుచారు అదే, ఆ వలతో బంతిని పట్టి గోల్‌లోకి విసురుతారు. @నారింజ_నాయుడు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. ఒక గోల్ ముందున్నావు, పాతిక సెకన్లు, బంతి నీ దగ్గర. అవతలి మూలకి విసిరేస్తే వాళ్ళు వెళ్ళి తెచ్చుకునేసరికి ఆట అయిపోతుంది కదా? మా ఊళ్ళో కబడ్డీ ఆడే పిల్లాడికి కూడా తెలుసు. ఒక్క పాయింట్ ముందుండి ఆఖరి కూతకి వెళ్ళినవాడు ఏం చేస్తాడు? గీత తొక్కి, అటూ ఇటూ రెండు అడుగులేసి వచ్చేస్తాడు. హీరో వేషాలు వెయ్యడు.

బాల్టిమోర్_భారతి:
షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక ఇన్ని సెకన్లలో గోల్‌కి కొట్టి తీరాలనే గడువు, ఉంటే ఈ గొడవే ఉండేది కాదేమో కదా?

ఇథాకా_శీను:
భారతి గారూ, 80 సెకన్ల క్లాక్ వచ్చింది 2019లో. పైగా మిగిలింది అర నిమిషమే అయితే ఆ క్లాక్‌తో పనేముంది?

నారింజ_నాయుడు:
కబడ్డీలో గీత తొక్కి వచ్చేవాణ్ణి చీలమండ పట్టి లాగేవాడు ఉంటాడు. వాడి ఊసెత్తవేం? ఓవర్‌టైమ్‌లో మీవాళ్ళ దగ్గర బంతి ఊడగొట్టింది మా సిడ్ స్మిత్, తర్వాత గోల్ వేసింది జేమీసన్. ఇద్దరూ కెనడాలోని సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళే. ఈ ఆట పుట్టిందే వాళ్ళ హోడెనోషోనీ ఆదివాసీ జనం దగ్గర. ఆ ఇద్దరూ వాళ్ళ ఆట వాళ్ళు ఆడితే నువ్వు దాన్ని "మా తప్పు" అని పేరు పెట్టి లాగేసుకుంటున్నావు. ఓడినా క్రెడిట్ మీకే కావాలి!

ఇథాకా_శీను:
ఇందులో వాళ్ళనెందుకు తెస్తావు, వాళ్ళని నేనేమన్నా అన్నానా? నేను కళ్ళారా చూసింది చెప్తున్నా. మా అబ్బాయి లాక్రాస్ క్లబ్‌లో డిఫెన్స్, పొడుగు కర్ర. పోయిన ఏడాది టోర్నమెంట్‌లో ఒక గోల్ ముందున్నారు, ఇరవై సెకన్లు. నేను బయట నుంచి "విసిరెయ్ రా" అని గొంతు చించుకున్నా. వాడు పరిగెత్తాడు. ఊడగొట్టారు. ఓడారు. ఇంటికి ఐదు గంటల డ్రైవ్, కార్లో ఒక్క మాట లేదు.

నారింజ_నాయుడు:
కోచ్ ఏం చెప్పాడు?

ఇథాకా_శీను:
పరిగెత్తమన్నాడట. అదీ ఒక కోచింగేనా?

నారింజ_నాయుడు:
అదీ సంగతి! కొడుకు మీద కోపం పదహారేళ్ళ కిందటి కుర్రాళ్ళ మీద తీరుస్తున్నావు.

ఇథాకా_శీను:
మాటలు జాగ్రత్త నాయుడూ. లాక్రాస్ ఆడిస్తే పెద్ద కాలేజీలో సీటు తేలిక అని ఇక్కడ ఊదరగొట్టింది నువ్వు కాదా? ఆ మాట నమ్మే కదా ఆరేళ్ళు శనాదివారాలు, హోటల్ బిల్లులు, కర్రలు, హెల్మెట్లు. నీ కూతురు హాయిగా వయొలిన్ వాయించుకుంటోంది.

నారింజ_నాయుడు:
నేనన్నది ఆట బాగుంటుంది, పిల్లలకి నలుగురు స్నేహితులు దొరుకుతారు అని. సీటు మాట చివర్లో ఒక్క ముక్క అన్నా, అది తప్పే, ఒప్పుకుంటా. కార్నెల్‌లో చదివినవాడివి, మీ కార్నెల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల వాళ్ళు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరని నీకు నేను చెప్పాలా? నువ్వు సీటు కోసం ఆడించావు కాబట్టే వాడు బంతి పట్టుకున్న ప్రతిసారీ నీకు విసిరెయ్యాలనిపిస్తుంది.

బాల్టిమోర్_భారతి:
ఇద్దరూ కాస్త ఆగండి. శీను గారూ, బాబు ఇప్పుడు ఆడుతున్నాడా?

ఇథాకా_శీను:
లేదండీ. కర్ర గరాజ్‌లో చీపురు పక్కన ఉంది. 2025 ఫైనల్ మాత్రం నా పక్కనే కూర్చుని చూశాడు. ఆఖరి నిమిషాల్లో నాకు తెలియకుండానే "విసిరెయ్" అని అరిచేశా. వాడు ప్లేటు పట్టుకుని మేడ మీదకి వెళ్ళిపోయాడు. కప్పు ఎత్తేటప్పుడు నేనొక్కణ్ణే ఉన్నా.

పప్పుచారు:
అయ్యో అన్నా.

నారింజ_నాయుడు:
సాయంత్రం ఫోన్ చేస్తా, ఎత్తు. కానీ ఆ గోల్ నిమ్స్ వేశాడు, మీరు ఇవ్వలేదు.