డిగ్రీలో సొంతంగా కెమిస్ట్రీ ప్రాజెక్టు: ఫ్లోరైడ్ కొలవడానికి దారి చెప్పండి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మమ్మవాళ్లది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టినవాళ్లని, నడుం వంగిపోయినవాళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అందుకే ప్రాజెక్టు దాని మీదే చేయాలని పట్టుదల. చింతపిక్కల పొట్టు కాల్చిన బొగ్గు ఫ్లోరైడ్‌ని ఎంత పీల్చుకుంటుందో, పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతితో పోల్చి చూడాలి. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు.

చిక్కంతా కొలవడం దగ్గరే. కాలేజీలో కలరీమీటర్ (రంగు గాఢత కొలిచే పరికరం) ఉంది, స్పాడ్‌న్స్ పద్ధతి (ఫ్లోరైడ్ వల్ల రంగు ఎంత తగ్గిందో చూసి కొలవడం) చేయొచ్చు. కానీ పటిక వేసిన నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని రీడింగ్ తగ్గిస్తుంది. అప్పుడు పటిక ఉన్నదానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది, పోలికే తప్పయిపోతుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, అల్యూమినియం పట్టు నుంచి ఫ్లోరైడ్‌ని విడిపించే టైసాబ్ బఫర్ ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అవి మా దగ్గర లేవు.

తార్నాక ఐఐసీటీ (కేంద్ర రసాయన పరిశోధన సంస్థ)లో గానీ, ఉస్మానియాలో గానీ, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో గానీ బయటి డిగ్రీ స్టూడెంట్‌కి శాంపిళ్లు కొలుచుకునే అవకాశం ఇస్తారా? ప్రొఫెసర్‌కి నేరుగా మెయిల్ రాయొచ్చా, ప్రిన్సిపాల్ ఉత్తరం తప్పనిసరా? ముందు డిస్టిలేషన్‌తో ఫ్లోరైడ్‌ని అల్యూమినియం నుంచి వేరుచేసి, తర్వాత స్పాడ్‌న్స్ చేసినవాళ్లెవరైనా ఉంటే, డిగ్రీ ల్యాబులో అది సాధ్యమేనా చెప్పండి.