సమస్య: "పచ్చిపులుసు మరిగి పైకి పొంగె" – పూరణలు, ముచ్చట్లు

నిర్వహణ (హనుమకొండ):
ఈ వారం సమస్య ఇది.

పచ్చిపులుసు మరిగి పైకి పొంగె

ఆటవెలది నాలుగో పాదం. పచ్చి, పులుసు, మరిగి, పైకి, పొంగె: అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడు కుదరడం, ప–పై. పై మూడు పాదాలు మీవి. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి పిసికి, ఉప్పేసి, పోపు పెడితే పచ్చిపులుసు అయిపోయినట్టే. మిర్చి, పోపు గంటె తప్ప అందులో పొయ్యి ఎక్కేది లేదు, పులుసు అసలే ఎక్కదు. అట్లాంటిది మరిగి పొంగడమేమిటి? ఆ చిక్కు విప్పాలి.

ఇంకో షరతు. ఇంటికి చుట్టాలు వచ్చిన నాడు అన్నానికి ముందో, అన్నం పక్కనో పెట్టుకునే తేలికపాటి వంటకం ఒకటి పద్యంలో గాని, పద్యం కింద గాని చెప్పాలి. గణాలు, యతులు నేను చూస్తాను. వంట సంగతి ఓరుగల్లు పెద్దమ్మ చూస్తుంది. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు.

కాజీపేట జంక్షన్:
ఆ.వె.
పాలు పొయ్యి కెక్కె, ఫలహారముల వేళ
మాట లాడుచుండ మరచినాను;
చల్లగాను దాని సరసనే యుండెను
పచ్చిపులుసు, మరిగి పైకి పొంగె.

పొంగింది పాలు. పులుసు చల్లగనే ఉన్నది. ఫలహారం అంటరా, ఉడకబెట్టిన పల్లీలల్ల సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ. చుట్టాలు చెప్పులు విడిచేలోపల అయిపోతది.

నిర్వహణ:
ఛందస్సు శుభ్రంగా ఉంది. పా–ఫ యతి బాగా కుదిరింది. అన్వయమే కొంచెం ఇబ్బంది. "పాలు" మొదటి పాదంలో వదిలేశారు, "పొంగె" చివరి పాదంలో ఉంది. మధ్యలో "దాని" అన్నారు. పాలు బహువచనం కాబట్టి "వాని" అనాలి. గణం మారదు, దిద్దుకోండి.

ఓరుగల్లు పెద్దమ్మ:
పల్లీలు ఉడికేటప్పుడే నీళ్లల్ల ఉప్పు వెయ్యి బిడ్డా. తీసినంక వేస్తే పైపైననే ఉంటది, లోపలికి పోదు.

జగిత్యాల తమ్ముడు:
నేను కొత్త. తప్పులుంటే చెప్పండి.
ఆ.వె.
నానబెట్టినట్టి బొబ్బెర్ల గుడాలు
ఉల్లి మిర్చి వేసి యొక్క పోపు
కట్టుతోడ కలుప గలగల మంచును
పచ్చిపులుసు మరిగి పైకి పొంగె.

నిర్వహణ:
తమ్మీ, రెండు, మూడు పాదాలు నడిచాయి. మొదటిదే తడబడింది. "గుడాలు" లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఆటవెలది మొదటి, మూడో పాదాల్లో చివరి రెండూ ఇంద్రగణాలు కావాలి, వాటిలో దానికి చోటు లేదు. యతి చోట "నా"కు "బొ" పడింది, అది చెల్లదు. ఇట్లా మారిస్తే?

బొబ్బెరలను నాన బోసి యుడికబెట్టి

బొ–బో యతి కుదిరింది. గుడాలు అనే మాట పోయిందని బాధపడకు, చేసే పని పద్యంలోకి వచ్చింది.

ఓరుగల్లు పెద్దమ్మ:
గణాలు దిద్దిన్రు మంచిదే. వంట మాత్రం నేను ఒప్పుకోను. బొబ్బెర్లు ఉడికిన కట్టుల చింతపులుసు పోసి మరిగిస్తే అది కట్టుచారు. దాన్ని పచ్చిపులుసు అని మా ఇంట్ల ఎవరన్న అంటే కంచం ముందల నుంచి లేపుత. మరిగినాక దాని పేరే మారిపోయింది, ఇగ సమస్య ఎక్కడ తీరింది?

గుడాల సంగతి చెప్తా విను. బొబ్బెర్లు రాత్రి నానబొయ్యి. పొద్దుగాల ఉప్పేసి ఉడికించు. గింజ మెత్తవడాలె గని చితకొద్దు, వేళ్ల నడుమ నొక్కితే నలగాలె, అంతే. కట్టు వంచి పక్కకు పెట్టు, సాయంత్రం చారుకు పనికొస్తది. నూనెల జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, కల్యామాకు వేసి ఉల్లిగడ్డ ఎర్రగ కానియ్యకుండ గుడాలు పొయ్యి. శనగలతోటి అయినా ఇదే తీరు. ఇరవై మంది వచ్చినా పొయ్యికాడ నిలవడే పని లేదు. పండుగ పూట సకినాలు సులువని ఎవడన్న అంటే నమ్మకు. కొత్తబియ్యం నానవోసి, తడిపిండి పట్టించి, నువ్వులు ఓమ కలిపి, బట్ట మీద చేత్తో చుట్లు తిప్పి, ఆరినంక కాల్చాలె. దానికి వాడకట్టంత కావాలె. గుడాలకు నువ్వొక్కడివి చాలు.

జగిత్యాల తమ్ముడు:
సరే పెద్దమ్మ. కట్టుచారు అనే మాట మీద ఇంకో పూరణ ఆలోచిస్త.

మంథని మాష్టారు:
క్రమాలంకారంలో ఒకటి.
ఆ.వె.
కిచిడి కెద్ది జోడు? క్షీరంబు పొయిమీద
నేమి చేసి పిదప నేమి చేసె?
వరుసగాను చెప్ప వలయునా? చెప్పెద:
పచ్చిపులుసు, మరిగి, పైకి పొంగె.

నిర్వహణ:
మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. జవాబులు ప్రశ్నల వరుసలోనే పడ్డాయి, ఒక్క అక్షరం వృథా కాలేదు. కిచిడికి జోడు ఏమిటని అడిగితే మన దిక్కు జవాబు ఒకటే ఉంటుంది గనుక సమస్య ఎవరినీ బలవంతం చేయకుండా విడిపోయింది. కాకపోతే పాలు పొంగడం ఇప్పటికే కాజీపేట వారు చూపించారు. పద్ధతి వేరు, పాలు మాత్రం అవే.

ఓరుగల్లు పెద్దమ్మ:
మాష్టారు గారు కొలత చెప్పలేదు. నేనే చెప్త. నలుగురికి నిమ్మకాయంత చింతపండు, మూడు గిలాసల నీళ్లు. ఉల్లిగడ్డను ఉప్పుతోటి చేత్తో గట్టిగ పిసుకాలె, అప్పుడే దాని రసం పులుసుల దిగుతది. పచ్చిమిర్చి మంట మీద నల్లమచ్చలు వచ్చేదాక కాల్చి అండ్లనే నలిపెయ్యాలె. వేయించిన నువ్వుల పొడి చెంచాడు, చక్కెర చిటికెడు. పోపు చల్లారినంకనే పొయ్యాలె అంటరు కొందరు. నేను ఒప్పుకోను. చుయ్ మని సప్పుడొస్తెనే పోపు.

గోదావరిఖని:
మా ఎండల మీద ఒకటి.
ఆ.వె.
రోహిణెండలోన రోడ్డుపై విందాయె
కుండలోని నీరు కుతకుత యన;
రామగుండమందు రాత్రికి నుంచిన
పచ్చిపులుసు మరిగి పైకి పొంగె.

కాజీపేట జంక్షన్:
అన్నా, ఇది అతిశయోక్తి అని ఎవరన్నరు? రోహిణి కార్తెల మీ దిక్కు వచ్చినోళ్లకు ఇది ఉన్నదున్నట్టు చెప్పినట్టే.

నిర్వహణ:
"రోహిణెండ" మాటల్లో చెల్లుతుంది. గ్రాంథికం పట్టుకుంటే "రోహిణి యెండ" అనాలి, అప్పుడు గణం చెడుతుంది. చాటువు లాంటి పద్యం కాబట్టి నేను పట్టుబట్టను. షామియానా రోడ్డు మీద వేసే పెళ్లి విందు కళ్లకు కట్టింది. షరతు మాత్రం తప్పారు, పక్కవంట ఏది?

గోదావరిఖని:
మామిడికాయ తొక్కు. చెక్కు తీసి తురిమిన కాయ, కారం, ఉప్పు, మెంతిపొడి, దంచిన ఎల్లిపాయ, పైన పోపు. పొద్దున చేస్తే మధ్యాహ్నం విందుకు అందుతది. వానకాలం వస్తే పుంటికూర (గోంగూర) తొక్కు.

ఓరుగల్లు పెద్దమ్మ:
మంచిగున్నది. పండుమిర్చి తొక్కు చేసేటోళ్లు చపాట మిర్చి దొరికితే విడువకున్రి. 2025ల మన వరంగల్ చపాటకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. ఎర్రటి రంగు, తక్కువ కారం. పిల్లలున్న ఇంట్ల సుట్టాలకు భయం లేకుండ వడ్డించొచ్చు. ఇగ ఎండల విందంటే, ఉల్లిగడ్డ కోసిన పులుసు పొద్దటిది రాత్రిదాక ఉంచుడు పద్యంలనే బాగుంటది. ఇంట్ల చింతపండు రసం తీసి మట్టికుండల పెట్టి, వడ్డించే ముందల ఉల్లిగడ్డ కలపాలె.

లక్నవరం గట్టు:
మాది చేపల ఊరు. "పచ్చి"ని ఇంకా ఉడకని అనే అర్థంలో తీసుకున్నాను.
ఆ.వె.
చేప ముక్కలేసి చింతపులుసు పోసి
మూత పెట్టి మంట ముట్టజేయ,
కారమింత యుప్పు కలిపిన వెంటనే
పచ్చిపులుసు మరిగి పైకి పొంగె.

మంథని మాష్టారు:
అర్థం మార్చి సాధించడం బాగుంది. విశేషణంగా "పచ్చి" నిలిచింది.

ఓరుగల్లు పెద్దమ్మ:
మాష్టారు గారు అర్థం చూసిన్రు, నేను చేప ముక్కను చూస్తున్న. ముక్కలు ముందలేసి మీద పులుసు పోసి మరిగించి, పైనుంచి కారం ఉప్పు కలిపితే గంటె తిరిగిన కాడల్ల ముక్క ఇరుగుతది. గిన్నెల చేప ఉండదు, ముండ్లుంటయి. ముందల పులుసు కారం ఉప్పుతోటి మరగాలె, అప్పుడు ముక్కలు జారవిడువాలె, ఆ తర్వాత గంటె పెట్టొద్దు, గిన్నె పట్టుకొని తిప్పుడే.

నిర్వహణ:
అట్లయితే మొదటి పాదం ఇట్లా ఉండొచ్చు.

చింతపులుసు పోసి చేపముక్కలకని

చి–చే యతి సరిపోతుంది. ముక్కలు ఇంకా పక్కన తట్టలోనే ఉన్నాయి కాబట్టి పెద్దమ్మకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

లక్నవరం గట్టు:
ఒప్పుకున్నా. ఇంతకీ చుట్టాలకు అన్నం కంటే ముందు నేను పెట్టేది వేపుడే. చిన్న చేపలకు పసుపు, కారం, ఉప్పు, అల్లం ఎల్లిపాయ ముద్ద, నిమ్మరసం, పైన పిడికెడు బియ్యప్పిండి పట్టించి అరగంట తర్వాత పెనం మీద.

ఓరుగల్లు పెద్దమ్మ:
బియ్యప్పిండి కరకర కోసం, సరైన మాట. పూరణ కంటే నీ వేపుడే నాకు నచ్చింది.

కరీంనగర్ పిల్ల:
ఆ.వె.
అమ్మ యూరి కేగ నయ్య వంటకు దిగె;
చారు పెట్టు రీతి సాగె నతడు;
చల్లగుంచు దాని సలసల కాచగా
పచ్చిపులుసు మరిగి పైకి పొంగె.

నిర్వహణ:
ఏ మెలికా లేదు. తప్పు జరిగిందని ఒప్పేసుకుని, ఆ తప్పు అయ్య నెత్తిన పెట్టారు. చల్లగా ఉంచేదాన్ని "సలసల" కాచడం, ఆ రెండు మాటలూ ఒకే పాదంలో యతి స్థానాల్లో ఎదురెదురుగా నిలవడం ఈ పద్యానికి అందం.

ఓరుగల్లు పెద్దమ్మ:
మీ అయ్యను ఏమనకు బిడ్డా. వంటకు దిగిండు, అది చాలు. ఆ మరిగినదాంట్ల ఇన్ని కందిపప్పు నీళ్లు, మిరియాల పొడి వేస్తే చారే. పడబొయ్యద్దు.

గోదావరిఖని:
అందరి పద్యాలకు వంక పెడుతున్నవు, నీ పూరణ ఏది పెద్దమ్మ?

ఓరుగల్లు పెద్దమ్మ:
అడిగినవు గద, తీసుకో.
ఆ.వె.
చుట్టములను జూచి జోరుగా మంటెట్ట
సర్వపిండి మాడె జల్ది యడుగు;
నడుమ జూడ నింక నమలంగ రానంత
పచ్చి, పులుసు మరిగి పైకి పొంగె.

మంథని మాష్టారు:
అమ్మా! పచ్చి వేరు, పులుసు వేరు. సర్వపిండి పచ్చి, పక్క పొయ్యి మీది పులుసు పొంగె. మేమందరం పచ్చిపులుసును ఒక్క గిన్నెలో ఉంచి తిప్పలు పడ్డాం, మీరు రెండు గిన్నెలు చేశారు.

నిర్వహణ:
చు–జో, స–జ, న–న. మూడు యతులూ సరిగ్గా ఉన్నాయి. "మంటెట్ట", "జల్ది" మాటల మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, నాకు లేదు. "జల్ది" తీసి ఇంకో మాట పెడితే వంటింట్లో ఆ తొందర వినబడదు. నన్ను పట్టేసింది మాత్రం మూడో పాదం చివర. "రానంత" దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటే "పచ్చి" ఒంటరిగా దిగుతుంది. అక్కడ వాక్యం ముగుస్తుందని చదివేవాడు అనుకోడు.

జగిత్యాల తమ్ముడు:
పెద్దమ్మ, సర్వపిండి నాకు ఎప్పుడూ ఇట్లనే అయితది. అంచు మాడుతది, నడుమ పిండి. ఎందుకు?

ఓరుగల్లు పెద్దమ్మ:
రెండు కారణాలు. ఒకటి మంట, రెండోది మందం. పిండి ముందుగాల కలుపుకో. రెండు గిలాసల బియ్యప్పిండి, గంట నానిన శనగపప్పు పిడికెడు, కచ్చాపచ్చ దంచిన పల్లీలు పిడికెడు, నువ్వులు రెండు చెంచాలు, ఉల్లికాడలు, కల్యామాకు, జీలకర్ర, ఎల్లిపాయ, కారం, ఉప్పు. రొట్టె పిండి కంటే జర మెత్తగ తడుపు. అడుగు మందమున్న గిన్నెకు నూనె రాసి, గిన్నె చల్లగున్నప్పుడే పిండి ముద్ద పెట్టి వేళ్లతోటి నడుమ నుంచి అంచుకు పలుచగ ఒత్తు. అందరు అంచుకాడ పలుచగ చేసి నడుమ దొడ్డుగ ఉంచుతరు, నీదీ అదే. వేలితోటి అక్కడక్కడ బొక్కలు పెట్టి ఆ బొక్కలల్ల నూనె చుక్కలు పొయ్యి. మూతపెట్టి సన్నమంట. ఒక్క దిక్కే కాలాలె, తిరగెయ్యద్దు. పైన పిండి తెల్లదనం పోయినంక మూత తీసి ఇంకో రెండు నిమిషాలు ఉంచు, అడుగు ఎర్రగై తనంతట తనే గిన్నెను విడుస్తది.

కరీంనగర్ పిల్ల:
రెండోది చేద్దామంటే గిన్నె కాలుతుంటది కదా పెద్దమ్మ?

ఓరుగల్లు పెద్దమ్మ:
కాలే గిన్నెల పిండి ఒత్తితే చెయ్యి కాలుతది, పిండి అక్కడనే అతుకుతది. గిన్నెను బోర్లించి అడుగున నల్లా నీళ్లు పొయ్యి, చల్లారుతది. లేకుంటే రెండు గిన్నెలు పెట్టుకో, ఒకటి పొయ్యి మీద, ఒకటి చేతుల. పదిమంది సుట్టాలొస్తే నేను మూడు గిన్నెలు దించుత. ముక్కలు ఇరిచి, పక్కకు పెరుగు గాని మామిడికాయ తొక్కు గాని పెడితే అన్నం వండేదాక ఎవరు వంటింటి దిక్కు చూడరు.

నిర్వహణ:
ఈ వారం పూరణల్లో పదచ్ఛేదానికి పెద్దమ్మదీ, క్రమానికి మాష్టారుదీ నిలుస్తాయి. జగిత్యాల తమ్ముడు దిద్దిన మొదటి పాదంతో పద్యం మళ్లీ పెట్టాలి, కట్టుచారు పూరణ కూడా బాకీ ఉంది.

వచ్చే వారానికి సమస్య, మళ్లీ ఆటవెలది నాలుగో పాదమే:

నూనె లేక గారె నోరు నింపె

కాజీపేట జంక్షన్:
మక్కగారెలు పెనం మీద కాల్చిన అని రాస్తే నడుస్తదా?

ఓరుగల్లు పెద్దమ్మ:
నడువది. మక్కలు నీళ్లు పోయకుండ బరకగ రుబ్బి, అల్లం పచ్చిమిర్చి వేసి, నూనెల కాలిస్తెనే గారె. పెనం మీద కాలిస్తే రొట్టె అంట. వేరే తొవ్వ చూస్కో.